పచ్చి క్యాబేజీ సర్క్యులర్

“కార్మికుని ఆరోగ్యమే కంపెనీ ఆరోగ్యం. కంపెనీ ఆరోగ్యమే దేశ ఆరోగ్యం. కావున దేశ శ్రేయస్సు దృష్ట్యా, కార్మిక కుటుంబములు ఇకమీదట క్యాబేజీని పచ్చిగా తినవలెను!”

రెండువేల ఏడో సంవత్సరం ఆగస్టులో గోదావరిఖని దగ్గర బొగ్గు గని కార్మికులుండే సెంటినరీ కాలనీలో, కమ్యూనిటీ హాలు తలుపుకు ఈ సర్క్యులర్ అంటించారు. మొత్తం పదకొండు అంశాలు. కింద సంక్షేమాధికారి రాంప్రసాద్ గారి సంతకం. ఇక్కడ ఏ వారోత్సవమైనా గనుల్లో చేసే రక్షణ వారోత్సవం లెక్కనే జరుగుతుంది. రాళ్లకు సున్నం, దారికి ముగ్గుపిండి, గేటుకు ఫ్లెక్సీ, క్వార్టరుకు ఒకరు చొప్పున హాజరు, చివర్లో మార్కులు. ఆరోగ్య వారోత్సవానికీ హాలు ముందున్న రాళ్లన్నిటికీ సున్నం కొట్టారు. ఊపు మీద క్యాబేజీలకు కూడా కొట్టేవాళ్లే గానీ, అవి తినేవని ఎవరో సమయానికి గుర్తు చేశారు.

హాజరు వేయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లలో పూలమ్మ ఒకతి. ఆమె భర్త పోశం ముప్పై మూడేళ్లుగా గనిలో బొగ్గు నింపుతున్నాడు. వేదిక మీద రాంప్రసాద్ గారి భార్య ఆమని గారు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని నిలబడ్డారు.

“చూడండమ్మా, దీన్ని స్లా అంటారు. క్యాబేజీ సన్నగా తరగాలి, క్యారెట్ తురమాలి. నమిలితే కరకరలాడాలి. కమలాపండు రసం, నిమ్మరసం, తేనె, మిరియాల పొడి కలిపి పైన డ్రెస్సింగ్ చెయ్యాలి.”

“డ్రెస్సింగా? ఎవలకు దెబ్బ తాకింది?” అంది పూలమ్మ పక్కన కూర్చున్న సారవ్వ.

పూలమ్మ నవ్వు ఆపుకుని లేచింది. “అమ్మా, మీరొక చెంచెడు తినరాదుండ్రి. చూసి నేర్చుకుంటం.”

“నేనివాళ ఉపవాసమమ్మా” అన్నారు ఆమని గారు. ఆ వారం ఏడు రోజులూ ఆవిడ ఉపవాసమే!

ఆఖరి రోజు పోటీ పెట్టారు. మిగతా వాళ్లు కంపెనీ ఇచ్చిన తురుముపీటలతో కుస్తీ పడుతుంటే, పూలమ్మ ఇంటి నుంచి కత్తిపీట తెచ్చుకుని కాళ్ల కింద అణిచిపట్టింది. క్యాబేజీ దారప్పోగుల్లా రాలింది. దాన్ని ఐసు నీళ్లలో పావుగంట నానేసి, పాత నూలు చీర ముక్కలో మూటగట్టి నీరంతా వార్చింది. సంత్రపండు, అంటే కమలాపండు, రసం పిండి, గింజలు తీసి, నిమ్మరసం, తేనె, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు గిలక్కొట్టి పోసింది. ఆమని గారు చెప్పని పని ఇంకొకటి చేసింది: వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి, నువ్వులతో కలిపి పైన చల్లింది.

రాంప్రసాద్ గారు చెంచా కొసతో అందుకుని, పెదాలకు ఆనించి, “అద్భుతం!” అన్నారు. మింగినట్టు మాత్రం ఎవరూ చూడలేదు. పూలమ్మది ఆదర్శ కుటుంబమైంది. వంట చెయ్యకుండా పచ్చిగా తినమన్న పోటీలో మొదటి బహుమతిగా ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు.

ఆదర్శ కుటుంబానికి ఒక హక్కు కూడా దక్కింది. సర్క్యులర్‌లో తొమ్మిదో అంశం: “ఆదర్శ కుటుంబము వారు పనివేళల్లో సైతం ఏ అధికారికైననూ స్లా అందించి ప్రోత్సహించవచ్చును. అట్టి స్లాను ఎవరునూ నిరాకరించరాదు.” బహుమతితో పాటు మైకులో చదివి వినిపించినా, రాసిన వాడితో సహా ఆ రోజు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. వేరే ఊళ్లలో ఇంటిపెద్ద ఆరోగ్యంగా ఉండాలని దేవుడికి మొక్కుతారు. గోదావరిఖని చుట్టుపక్కల, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఇంట్లో ఆ మొక్కు నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. మెడికల్ బోర్డు కార్మికుణ్ణి అన్‌ఫిట్ అంటే అతని కొడుక్కి ఉద్యోగం. ఫిట్ అంటే ఇంటిల్లిపాదికీ ఏడుపు! పైగా మిగిలిన సర్వీసు రెండేళ్లకు తగ్గితే బోర్డు ముందుకు వెళ్లే అవకాశమే ఉండదు. పోశంకు ఆ గడువు అక్టోబరులో దాటిపోతుంది. సెప్టెంబరు ఆఖరున బోర్డు. అదే ఆఖరి అవకాశం.

కొడుకు వీరేందర్ డిగ్రీ చదివి ఎవరిదో ఆటో కిరాయికి నడుపుతున్నాడు. పోశంకు మోకాళ్లు అరిగాయి, మెట్లెక్కితే ఆయాసం, బీపీ సరేసరి. అయినా బోర్డు రోజుకు ఈ రోగాలన్నీ ఇంకాస్త పచ్చగా, కళకళలాడుతూ ఉంటే మంచిదని పూలమ్మ ఆశ.

పక్క క్వార్టరు సదయ్య ఈ విద్యలో ఆరితేరినవాడు. నాలుగేళ్ల కింద నడుము నొప్పి మీద అన్‌ఫిట్ అయి కొడుక్కి ఉద్యోగం ఇప్పించాడు. అప్పటినుంచి రోజూ పొద్దున కాలనీ చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తుతాడు. దవాఖాన గేటు కనపడితే మాత్రం చేతికి కర్ర వస్తుంది.

“అక్కా, గా పచ్చాకు బావకు బోర్డు దాకా పెట్టు. మనిషి గుంజుకపోతడు” అన్నాడు సదయ్య.

“నిజమేనా తమ్మీ?”

“మేకను సూడు. దినమంత ఆకే తింటది. ఎన్నడన్న తట్టెడు బొగ్గు లేపిందా?”

కట్టుకున్నవాణ్ణి చేజేతులా చిక్కిపోయేలా చెయ్యడానికి పూలమ్మకు మనసొప్పలేదు. కానీ అదే సమయానికి వీరేందర్ ఆటో దిగి, చొక్కా విడిచి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పూలమ్మ కత్తిపీట ముందుకు లాగింది.

“ఏందే గిది? నేను మనిషినా, మేకనా?” అన్నాడు పోశం గిన్నె చూసి.

“పోరని నౌకరి కోసమయ్యా. కండ్లు మూసుకొని నములు.”

పోశం కళ్లు మూసుకుని నమిలాడు. కరకర శబ్దం వాకిట్లోకి వినిపించింది. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. “ఇంకింత ఎయ్యి.”

పూలమ్మతో వచ్చిన చిక్కు అదే. మనిషిని చెడగొట్టడానికి చేసినా ఆమెకు చెడ్డగా చెయ్యడం చేతకాదు. సంత్రలు కమ్మగా ఉన్నవి ఏరింది. పల్లీలు మాడకుండా వేయించింది. పోశం అన్నం తగ్గించి గిన్నెలకు గిన్నెలు స్లా లాగించాడు. రోజూ సాయంత్రం తినే మిర్చి బజ్జీల మీద కూడా ఆశ పోయింది.

మూడు వారాలు గడిచాక ఒకరోజు షిఫ్టు బస్సు తప్పిపోయింది. పోశం గని నుంచి క్వార్టరు దాకా నడిచి, ఈల వేసుకుంటూ వచ్చాడు.

“ఏమే, ఇయ్యాల ఆయాసమే రాలే!”

పూలమ్మకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. వీరేందర్ చిన్నవాడిగా ఉన్నప్పుడు పోశం ఇలాగే వచ్చేవాడు. మళ్లీ ఈ మనిషిని ఇలా చూస్తాననుకోలేదు. మరుక్షణం బోర్డు గుర్తొచ్చి సదయ్య ఇంటికి పరుగెత్తింది.

“తమ్మీ, మనిషి నిగనిగ మెరుస్తున్నడు!”

“మొదాలు గట్లనే ఉంటదక్కా. లోపట గుంజుతాంది. ఆపకు. దినాం రెండు పూటలు పెట్టు.”

రెండు పూటలూ పెట్టింది.

బోర్డు రోజు వచ్చింది. పోశంను డాక్టర్లు లోపలికి పిలిచారు. వరండా బల్ల మీద కూర్చున్న పూలమ్మకు ఎదురుగా రాంప్రసాద్ గారు కనిపించారు. తనిఖీకి వచ్చారేమోనని ఆమె గౌరవంగా లేచింది. కానీ పక్కనే ఆమని గారు స్టీలు డబ్బా మూత తీసి ఆవకాయ ముక్కలు తినిపిస్తున్నారు.

“ఇంకొక్క ముక్కండీ. తర్వాత మీ పేరే పిలుస్తారు.”

రాంప్రసాద్ గారు కళ్ల నీళ్లు కారుతుండగా ముక్క నమిలారు.

“సార్, మీరు గిక్కడ?” అంది పూలమ్మ.

“ఇక్కడి బొగ్గు దుమ్ము నాకు పడట్లేదమ్మా. హైదరాబాదు బదిలీ కావాలంటే బోర్డు వాళ్లు రాయాలి. బీపీ గట్టిగా ఉండాలిగా!”

“మరి స్లా తింటలేరా సార్?”

రాంప్రసాద్ గారు పామును చూసినట్టు ఉలిక్కిపడ్డారు. “స్లానా? ఇంకా నయం! అది తింటే బీపీ దిగిపోదూ! క్యాబేజీని మా గుమ్మం తొక్కనివ్వలేదమ్మా నెల్రోజుల్నుంచి.”

పూలమ్మ బోర్డు గది తలుపు వైపు చూసింది. లోపలికి పరుగెత్తి ‘ఆగుండ్రి సార్లూ, అది మా ఆయన బీపీ కాదు, నా కత్తిపీట బీపీ!’ అని అరవాలనిపించింది. ఇంతలో తలుపే తెరుచుకుంది.

“నూట ఇరవై, ఎనభై అంట” అన్నాడు పోశం. “పెద్ద డాక్టరు లేచి నాతోని చెయ్యి కలిపిండు. మోకాళ్ల సంగతి చెప్తే, నీ అసుంటి మనిషికి మోకాళ్లేందయ్యా అన్నడు.” చేతిలో కాగితం ఉంది. ఫిట్. దాన్ని మడుస్తూ అడిగాడు: “పోరనికేం చెప్తమే?”

పూలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. వరండాలో వాళ్లు పోశంకేదో ప్రాణం మీదికొచ్చిందనుకుని ఓదార్చారు. ఆరోగ్యమని తెలిశాక ఇంకా ఎక్కువ ఓదార్చారు.

రాంప్రసాద్ గారి కాగితం మీద, బీపీ హెచ్చుగా ఉన్నది, నెల రోజుల తర్వాత మళ్లీ చూసి సిఫారసు చేయబడును అని రాశారు. దారిలో ఆమని గారు ఇంకో కిలో ఆవకాయకు పురమాయించారు.

మూడో రోజుకల్లా గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ లేచింది. పోశం నవ్వు ముఖం. పక్కన అక్షరాలు: ‘స్లా తిన్నాడు, ఫిట్ అయ్యాడు! కంపెనీకి మరో రెండేళ్ల సేవ!’ డ్యూటీకి వెళ్లేవాళ్లు దాన్ని చూసి టోపీలు తీసి, ‘అయ్యో పాపం’ అనుకుంటూ సాగిపోయారు. కాలనీ మార్కెట్లో క్యాబేజీలు కొనే దిక్కులేక వాడిపోయాయి. యాభై దాటిన మొగుడున్న ఆడది క్యాబేజీ ముట్టుకుంటే, ‘కొడుకు మీద ఏం కోపమే నీకు?’ అని అడిగారు.

వీరేందర్ ఫ్లెక్సీ కింద ఆటో ఆపి చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.

“ఫోటోల మంచిగున్నవ్ నాయినా” అన్నాడు.

ఆ మాటతో పూలమ్మ ఏడుపు ఆగిపోయింది. హాలు తలుపు నుంచి సర్క్యులర్ ఊడదీసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టింది. “సదువు బిడ్డా. తొమ్మిదోది.” వీరేందర్ రెండుసార్లు చదివి వినిపించాడు.

మర్నాడు పదకొండు గంటలకు రాంప్రసాద్ గారి గదిలో జనరల్ మేనేజరు గారితో సహా అధికారులంతా మీటింగులో ఉన్నారు. పూలమ్మ తలుపు తోసుకుని వచ్చి టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది.

“ఆదర్శ కుటుంబం నుంచి సార్. మీకే.”

రాంప్రసాద్ గారి ముఖం పాలిపోయింది. “ఇవాళ ఉపవాసమమ్మా నేను.”

“నిరాకరించరాదని మీ దస్కతే ఉన్నది సార్.” ఆమె కాగితం పరిచింది.

జనరల్ మేనేజరు గారు కళ్లజోడు సర్దుకుని తొమ్మిదో అంశం చదివారు. “బాగా రాశారే! తినండి రాంప్రసాద్ గారూ. మనమే తినకపోతే కార్మికులేం తింటారు?”

గదిలో కరకర శబ్దం తప్ప మరేదీ వినిపించలేదు. పూలమ్మ గిన్నె అడుగు కనపడేదాకా నిలబడి, డబ్బా తీసుకుని, దండం పెట్టి వెళ్లింది. మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. ఆదివారాలు బంగళాకే వెళ్లింది. రాంప్రసాద్ గారు ఒకసారి స్టోరు గదిలో దాక్కుంటే స్టోరు గదికే వెళ్లింది. ఏ రోజూ పల్లీలు మాడనివ్వలేదు.

నెల తిరిగింది. బోర్డు వాళ్లు మళ్లీ చూసి రాశారు: ‘బీపీ సాధారణం. ఆరోగ్యం అభినందనీయం. సెంటినరీ కాలనీలోనే విధులు కొనసాగించవచ్చును.’

ఆ కాగితం పట్టుకుని రాంప్రసాద్ గారు కుర్చీలో కూలబడేసరికి గడియారం పదకొండు కొట్టింది. తలుపు దగ్గర టిఫిన్ డబ్బా చప్పుడైంది.

“ఇంకెందుకమ్మా?” అన్నారాయన ఏడుపు గొంతుతో.

“అట్లంటరేంది సార్? మా ఆయనకింక రెండేండ్ల డ్యూటీ ఉన్నది, మీరు గూడ ఈడనే ఉంటిరి.” పూలమ్మ మూత తీసి చెంచా చేతికిచ్చింది. “నిన్న జర పుల్లగైనట్టున్నది. ఇయ్యాల సంత్ర రసం ఎక్కువ పోసిన. తినుండ్రి.”