చువ్వకెక్కిన అనాసపండు

మానవజాతి ఇంతవరకూ నిర్మించిన వ్యవస్థలన్నిటిలోకీ కట్టుదిట్టమైనది అమెరికన్ విహారనౌక మీద ఉండే బ్రెజిలియన్ స్టేక్‌హౌస్, అంటే మాంసం వడ్డించే హోటలు. అందులోనూ మరీ కట్టుదిట్టమైనది సైడ్ డిష్‌ల విభాగం. రాజ్యాంగాలకు సవరణలుంటాయి. కోర్టు తీర్పుల మీద అప్పీళ్లుంటాయి. అక్కడి వేయించిన అరటిపండుకు అలాంటి బలహీనతలేమీ లేవు.

ఈ సంగతి కనిపెట్టినవాడు నార్త్ కరోలినాలోని క్యారీలో కాపురముండే భాస్కర్. కనిపెడదామని బయల్దేరలేదు పాపం. భార్య రేణునీ, తొమ్మిదేళ్ల కూతురు వేదనీ, ఆరు నెలలుండడానికి వచ్చిన అత్తమామలు శేషమ్మ, రాజగోపాల్‌లనీ వెంటబెట్టుకుని ఒక ఆదివారం ఫ్లోరిడాలో ఓడెక్కాడు. మళ్లీ ఆదివారం దిగాలి. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాలి. ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపుతారో ఆ రోజే చెబుతారని రెండు నెలలుగా కంపెనీలో పుకారు. (పుకారును యాజమాన్యం ఖండించింది. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది.) ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లూ వేద స్కూలూ పోతాయి. ఈ వరస భాస్కర్‌కు కంఠతా వచ్చు. అందుకే ఏడు శనివారాలు మాంసం ముట్టనని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. ఆరు శనివారాలు గడిచాయి.

ఇక్కడ ఓడవాళ్ల యాప్ తన పనితనం చూపించింది. ఆ యాప్‌లో వారాలుండవు. మొదటి రోజు, రెండో రోజు అనే ఉంటాయి. సెలవులో ఉన్న మనిషికి వారం గుర్తుచేయడం అమానుషమని వాళ్ల అభిప్రాయం. చివరి భోజనం ఘనంగా ఉండాలని భాస్కర్ ఏడో రోజుకు స్టేక్‌హౌస్ బుక్ చేశాడు.

ఏడో రోజు సాయంత్రం ఆరింటికి అందరూ ముస్తాబై లిఫ్ట్ ఎక్కారు. ఓడ లిఫ్టులో కింద పరిచిన తివాచీ మీద వారం పేరు రాసి ఉంటుంది. దాన్ని రోజూ మారుస్తారు. ఆ తివాచీని మొదటిసారి చదివింది వేద.

"డాడీ, టుడే సాటర్‌డే. యూ కాంట్ ఈట్ మీట్ కదా?"

శేషమ్మ లెంపలేసుకుంది. "అయ్యయ్యో, ఏడో శనివారం బాబూ! అయినా శనివారం మేమూ ముట్టంగా."

"బుక్ చేసేటప్పుడు చూసుకోవద్దా భాస్కర్?" అంది రేణు.

"చూడ్డానికి అందులో వారమేదీ?" అన్నాడు భాస్కర్.

వేదను పిల్లల క్లబ్బులో పిజ్జాకు అప్పగించి, నలుగురూ బఫే వైపు నడిచారు. గుమ్మం దగ్గర ఓడవాళ్లిచ్చిన కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. "మీరు ఆల్రెడీ స్టేక్‌హౌస్‌లో తింటున్నారు" అంది అక్కడి అమ్మాయి. ఇంకా తినలేదని భాస్కర్ చెప్పాడు. "సిస్టమ్‌లో తింటున్నారు" అందామె, కడుపు నిండినవాళ్లతో మాట్లాడినట్టు. ఒక నోరు, ఒక చోటు అన్నది ఓడ నియమమట. రెండు చోట్ల తినే నోళ్ల వల్ల గతంలో ఓడ ఒక పక్కకి ఒరిగిందో ఏమో, ఆమె చెప్పలేదు.

"ఏం కాదు, సైడ్స్ ఉంటాయిగా. సైడ్స్ అన్నీ వెజ్జే" అంది రేణు. ఈ ఒక్క మాట నమ్మి అమెరికాలో ఎంతమంది తెలుగువాళ్లు ఎన్ని స్టేక్‌హౌస్‌ల నుంచి ఆకలితో లేచొచ్చారో జనాభా లెక్కలవాళ్లు ఇంకా తేల్చలేదు.

స్టేక్‌హౌస్‌లో ప్రతి మనిషి ముందూ ఒక గుండ్రటి బిళ్ల పెట్టారు. ఒక వైపు పచ్చ, ఒక వైపు ఎరుపు. పచ్చ పైకి పెడితే ఇనుప చువ్వలకు మాంసం గుచ్చుకుని మనుషులు వస్తారు. ఎరుపు పెడితే రారు. నలుగురూ ఎరుపే పెట్టి అన్నం, వేయించిన అరటిపండు, చీజ్ బన్ను అడిగారు. వెయిటర్ మొహం పాలిపోయింది. వెళ్లి పై అధికారిని తీసుకొచ్చాడు.

వచ్చినాయన చొక్కా మీద 'మార్సెలో, ఫిలిప్పీన్స్' అని ఉంది. హోదా, సైడ్ డిష్ అర్హతల సీనియర్ పర్యవేక్షకుడు.

"సైడ్ డిష్ అంటే పక్కన ఉండేది సార్. పక్కన ఉండాలంటే మధ్యలో ఇంకోటి ఉండాలి. మీ ప్లేటు మధ్యలో ఏమీ లేదు" అన్నాడు మార్సెలో, ఎంతో జాలిగా.

"మధ్యలో అన్నం పెట్టుకుంటాం" అన్నాడు భాస్కర్.

"అన్నం మధ్యలోకొస్తే భోజనం అవుతుంది సార్. భోజనం మా దగ్గర లేదు."

పచ్చ బిళ్ల పెట్టి చూశారు. వెంటనే పొట్టేలు, పంది, కోడి, మూడు రకాల ఎద్దు వరసగా వచ్చాయి. శేషమ్మ కళ్లు మూసుకుని గోవింద నామాలు మొదలుపెట్టింది. ఆరు చువ్వలు తిప్పి పంపాక మార్సెలో మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. వరసగా ఆరు తిరస్కరిస్తే ఆ టేబుల్‌ను దురుద్దేశపు టేబుల్‌గా నమోదు చేస్తారట. మాంసం తినే ఉద్దేశం లేకుండా బన్నుల కోసమే వచ్చేవాళ్లు లోకంలో ఉన్నారని ఓడ యాజమాన్యానికి సమాచారముంది.

అప్పటిదాకా నోరు మెదపని రాజగోపాల్ గొంతు సవరించుకున్నాడు. ఆయన ఒంగోలులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి సూపరింటెండెంటుగా దిగిపోయాడు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు సరైన వ్యవస్థ ఒక్కటీ తగల్లేదు. ఇప్పుడు తగిలింది.

"అల్లుడుగారూ, రూల్స్ పుస్తకం ఒకసారి తెమ్మనండి" అన్నాడు.

తెచ్చారు. ప్లాస్టిక్ అట్ట, నలభై పేజీలు. ఆయన కళ్లజోడు మార్చుకుని, వేలు తడి చేసుకుంటూ చదివాడు. రేణు అర్థం చెబుతుంటే తలూపాడు. పంతొమ్మిదో పేజీలో ఆగాడు. 'చువ్వ మీద వడ్డించే ప్రతి పదార్థమూ మాంసంగా పరిగణించబడును.' సరిగ్గా అప్పుడే పక్క టేబుల్‌కు కాల్చిన అనాసపండు వెళ్తోంది, చువ్వ మీద.

"అది మాంసమే కదటయ్యా?" అన్నాడు రాజగోపాల్.

మార్సెలో వాకీటాకీలో ఎవరితోనో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. "మాంసమే సార్" అన్నాడు.

అనాస చువ్వ వేరని, దానికి మాంసం తగలదని వెయిటర్ చేత శేషమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. రెండు ముక్కల మాంసానికి టేబుల్‌కు ఒక సైడ్ డిష్ అని లెక్క. రాజగోపాల్‌కూ శేషమ్మకూ షుగరు, రేణుకు అనాస పడదు. అంచేత టేబుల్ తరఫున భాస్కర్ ఒక్కడే పది ముక్కలు తిన్నాడు. నాలుక పొక్కిపోయింది. వచ్చిన అయిదు సైడ్‌లలో బీన్స్‌లో పంది ముక్కలున్నాయి, ఆకుకూరలో ఉన్నాయి, కర్రపెండలం పిండి వేపుడులో ఇంకా ఎక్కువ ఉన్నాయి. అరటిపండూ బన్నులూ మిగిలాయి. బన్నులు నలుగురూ, అరటిపండు షుగరు లేని ఇద్దరూ పంచుకున్నారు. భాస్కర్‌కు మాత్రం అమృతంలా అనిపించాయి. ఏడో శనివారం దాటింది. మొక్కు చెల్లింది. చాలా వారాల తర్వాత అతను నిజంగా సంతోషించాడు.

ఆదివారం పొద్దున్నే, సూట్‌కేసులు బయట పెడుతుండగా అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. 'అభినందనలు! భాస్కర్ నిన్న సాయంత్రం పది విడతల మాంసం ఆరగించారు. ఈ క్షణం నుంచి ఆయన మా స్వర్ణ మాంసాహారి.' అడుగున ఎద్దు బొమ్మ, దాని తల మీద కిరీటం.

"ఇదేంటి బాబూ, ఏడో శనివారం పూట మీ పేరు మీద ఇట్టా రాశారు?" అంది శేషమ్మ.

"అనాసపండు అత్తయ్యగారూ, మీరు పక్కనే ఉన్నారుగా."

"నేనున్నాను. కానీ రాసింది ఇట్టా ఉందే."

రాజగోపాల్ నిట్టూర్చాడు. "రికార్డులో ఉన్నదే జరిగినట్టు బాబూ. నా సర్వీసంతా అదే చూశాను."

భాస్కర్ అత్తమామలను వెంటబెట్టుకుని గెస్ట్ సర్వీసెస్ లైన్లో ముప్పావుగంట నిలబడ్డాడు. అక్కడ 'భోజన వివరాల దిద్దుబాటు' కిటికీ వెనక నీల్ అనే కుర్రాడున్నాడు. దిద్దుతానన్నాడు. కాకపోతే చిన్న చిక్కు. మాంసం తీసేస్తే ఆ టేబుల్ అయిదు సైడ్ డిష్‌లు అనర్హంగా పొందినట్టవుతుంది. అనర్హపు సైడ్ డిష్‌ల మీద విచారణ సంఘం మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటుంది. అది తేలేదాకా కుటుంబం ఓడ దిగడానికి వీల్లేదు.

"మా ఫ్లైట్ పన్నెండింటికి. రేపు తొమ్మిదింటికి నేను ఆఫీసులో లేకపోతే..." భాస్కర్ పూర్తి చేయలేకపోయాడు.

"అయితే ఇంకో ఫారం ఉంది సార్. ఒకసారి దిద్దమని అడిగాక వద్దనాలంటే అది నింపాలి" అన్నాడు నీల్, సాయం చేయాలనే.

రెండో ఫారంలో ఒకటే వాక్యం. 'నేను శనివారం నాడు, నా ఇష్టప్రకారం, మాంసం తిన్నాను.' భాస్కర్ కలం పట్టుకుని దాన్ని మూడుసార్లు చదివాడు. ఉద్యోగం కోసం ఏడు శనివారాలు తినలేదు. ఇప్పుడు అదే ఉద్యోగం కోసం తిన్నానని రాసివ్వాలి. అతనికి ఏడుపొచ్చింది, వెనక లైన్లో ఇరవై మంది ఉన్నారని ఆపుకున్నాడు. సంతకం పెట్టాడు. సాక్షి గడిలో రాజగోపాల్ పూర్తి పేరు, పాత హోదా, 'రిటైర్డ్' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. శేషమ్మ అటు తిరిగి నిలబడింది.

వాళ్లు అందరికంటే ముందు ఓడ దిగారు. (స్వర్ణ మాంసాహారులకు ప్రత్యేక ద్వారముంది.) సోమవారం తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే భాస్కర్ ఆఫీసులో ఉన్నాడు. తొమ్మిదీ పదికల్లా ల్యాప్‌టాప్, బ్యాడ్జి బల్ల మీద పెట్టి, తన ఇష్టప్రకారమే వెళ్లిపోతున్నానన్న కాగితం మీద సంతకం చేశాడు. ఇక్కడ సాక్షి కూడా అక్కర్లేదన్నారు.