సున్నపురాయి మీద తెల్లచక్రం

ఇటీవల మా అరకు లోయలోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విజ్ఞాన సభకు హాజరైనవారు, ఆసీనులైన క్రమంలో: వేదిక నడుమ పూలమాలతో స్మార్ట్ బోర్డు, దానికి కుడివైపున స్మార్ట్ బోధన పర్యవేక్షకులు శ్రీ దేవీప్రసాద్ గారు, ఎడమవైపున ప్రధానోపాధ్యాయులు శ్రీ ఎలీయేజరు గారు, వేదిక చివర, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడినైన నేను, వేదిక కింద నిలబడి సైన్సు టీచరు కుమారి జీవిత, ఆమె వెనుక నేలమీద పదో తరగతి పిల్లలు.

ఈ క్రమం పట్ల నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. ఆ పాఠశాలలో శాస్త్రం బోధించే బాధ్యత ఇప్పుడు బోర్డుదే. పెద్దపీట దానికి కాక మరెవరికి?

పాఠకులారా, నిర్మొహమాటంగా ప్రకటిస్తున్నాను: స్మార్ట్ బోర్డు వచ్చిన తరువాతనే మన కొండల్లో శాస్త్ర విద్య సురక్షితమైంది!

మా కాలంలో ఎంత అనాగరికంగా ఉండేదో తలచుకుంటే సిగ్గు కలుగుతుంది. యాసిడ్ చుక్క పడి చొక్కాలకు చిల్లులు పడేవి. టెస్ట్ ట్యూబులు పగిలేవి. మేము తయారుచేసిన వాయువుల ధాటికి పక్క గదిలోని తెలుగు పండితులు పద్యం మధ్యలో ఆపి, కిటికీ మూసి, మిగతాది ముక్కు మూసుకుని పూర్తిచేసేవారు. వీటన్నింటినీ మించిన ప్రమాదం మరొకటి ఉండేది: పిల్లలు ప్రశ్నలు అడిగేవారు!

ఇప్పుడు? ల్యాబ్ బీరువాకు తాళం. లోపలి గాజుసామానంతా క్షేమం. మైక్రోస్కోపు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులోనే ఉంది. దాన్ని చూసిన విద్యార్థి లేడు, అందులోంచి చూసిన విద్యార్థి అసలే లేడు.

ఆ పాఠశాల గోడ దాటితే కాఫీ తోట. తోట నిండా పూలు. పువ్వు భాగాలు చూపడానికి వాటిలో ఒకదాన్ని తుంచడం ఎంత మోటు పని! బోర్డులో చక్కని మందారం ఉంది కదా? పైగా దానికి చీమలు పట్టవు.

ఆవిరి చల్లబడి నీరుగా మారే పాఠం మరీ ముచ్చటైనది. డిసెంబరు ఉదయం పొగమంచు కిటికీలోంచి నేరుగా తరగతిలోకి వచ్చి పిల్లల నెత్తిన కూర్చుంటుంది. అప్పుడు కిటికీలు మూసి, పరదాలు దించి, చీకటి చేసి, మంచు ఎలా ఏర్పడుతుందో తెరమీద చూపిస్తారు. లంబసింగిలో కూడా ఇదే పద్ధతి అమలు చేయాలని నా వినయపూర్వక సూచన. అక్కడ మంచు పాఠానికి మరీ ఎక్కువగా అడ్డు తగులుతుంది.

ఇంత గొప్ప విధానానికి ఒకే ఒక నియమం: ముందు వీడియో పూర్తి కావాలి, ఆ తరువాతే ప్రయోగం. ఆ వీడియో ఇంటర్నెట్ ద్వారా వస్తుంది. ఇంటర్నెట్ మా ఘాట్ రోడ్డులో చివరి మలుపు దాకా వచ్చి, అక్కడ ఆగి, తీరిగ్గా లోయ అందాలు చూస్తుంది.

ఈ నియమాన్ని జీవిత ఉల్లంఘించారు. వీడియో రాలేదన్న అల్పకారణంతో బోర్డు ఆపివేసి, పిల్లలచేత సబ్బునీటిలో పసుపు కలిపించి రంగు మార్పు చూపించారు. తక్షణమే పర్యవేక్షకుల నుంచి మెమో వచ్చింది. సభలో పిల్లల జవాబులు తృప్తికరంగా లేకపోతే ఆమెను పదో తరగతి నుంచి తప్పించి, ఆఫీసు పనికి పరిమితం చేస్తారట. ఆనాటి నుంచి ఆమె బుద్ధిగా బోర్డునే నడిపించారు.

సభ ఆరంభంలో మన ఆనవాయితీ ప్రకారం ప్రధానోపాధ్యాయులు ముఖ్య అతిథి దేవీప్రసాద్ గారి చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి స్వాగతం పలికారు. అతిథి దానిని పట్టుకునే ప్రసంగించారు, పట్టుకునే ప్రశ్నించారు. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే ఏమి జరుగుతుంది?

నీలవేణి అనే అమ్మాయి లేచి నిలబడింది.

"యాసిడ్ పడతాదండి. పడ్డాక రాయి మీద తెల్ల సక్రం తిరుగుతాదండి."

"చక్రమా? ఎంతసేపు తిరుగుతుంది?"

"బెల్లు కొట్టిందాకా తిరుగుతాదండి."

తక్కిన పిల్లలందరూ ముక్తకంఠంతో బలపరిచారు. శాస్త్రానికి ఇంతకంటె ఏమి కావాలి? చూసినదే చెప్పారు, అందరూ ఒకటే చూశారు, ఏ పూట చూసినా అదే ఫలితం! వీడియో సరిగ్గా ఆమ్లం పడిన క్షణంలోనే ఆగి, తెల్లచక్రం తిరుగుతూ ఉండిపోయేదని అతిథికి బోధపడడానికి కొంత వ్యవధి పట్టింది.

"ఇదేనామ్మా నువ్వు చెప్పిన పాఠం?"

"నేను చెప్పలేదు సార్," అన్నారు జీవిత. "బోర్డు చెప్పింది. అది ముగించాకే నన్ను చెప్పమన్నారు."

ఎలీయేజరు గారు కళ్లు మూసుకున్నారు. అది ప్రార్థనే అయి ఉండాలి.

జీవిత గుమ్మం దగ్గరికి నడిచారు. గాలికి తలుపు కొట్టుకోకుండా అక్కడ ఎప్పటినుంచో ఒక రాయి అడ్డుపెట్టి ఉంటుంది. బడి వెనక గట్టు మీది సున్నపురాయి. బొర్రా గుహలు ఏర్పడిన రాతి జాతిదే. దానిని తెచ్చి అతిథి ముందు బల్లమీద పెట్టి, ల్యాబ్ తాళంచెవితో పైన గీరారు. ఆ తాళంచెవికి అంతవరకు దొరికిన శాస్త్రీయ వినియోగం అదొక్కటే.

"సార్, ఒకసారి ఆ నిమ్మకాయ ఇప్పించండి."

అతిథి ఇచ్చారు. ఆమె కోసి, పిండారు. గీరినచోట రసం సన్నగా నురగలు కట్టి చిటపటలాడింది. పిల్లలు అనుమతి లేకుండా వేదిక ఎక్కేశారు. పర్యవేక్షకులవారు రాయికి చెవి ఆనించారు. నేను కూడా, హోదాకు తగనిదైనా, ఆ కుర్చీ నుంచి లేచాను.

"ఈ రాయేటండీ?" అంది నీలవేణి. "దీని మీదే కదండీ మేం రోజూ సెప్పులు దులుపుతాం!"

మెమో అక్కడికక్కడే ఉపసంహరించారు. బోర్డు మాత్రం రోజూ నడవవలసిందేనని ఆదేశించారు. అలాగే నడుస్తోంది. చక్రం దాని మానాన అది తిరుగుతుంటుంది. పిల్లలు దానికి వీపు పెట్టి రాయి చుట్టూ కూర్చుంటారు. సున్నపుకొండ మీద కట్టిన బడికి సున్నపురాయి బొమ్మను నగరం నుంచి పంపిన దూరదృష్టిని కీర్తించడానికి నా భాష చాలడం లేదు.

కావున ఈ వ్యాసం ముఖంగా నమోదు చేయడమైనది: ముఖ్య అతిథి చేతికి గౌరవార్థం అందిన నిమ్మకాయను నిండు సభలో అడిగి తీసుకుని, తన ఉద్యోగం కంటె ముందు పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పినందుకు కుమారి జీవిత గారికి మా కృతజ్ఞతలు.