జిప్పుల మేస్త్రీకి మంజూరైన పోటీదారు

వ్యాపారమన్నాక దాని మీద బయటి శక్తులు పనిచెయ్యాలి. వాటంతట అవి పనిచెయ్యకపోతే ప్రభుత్వమే పూనుకొని పనిచేయించాలి. ఈ సత్యం బోధపడిన రోజునే బాహ్యశక్తుల శాఖ పుట్టింది. అంతకు ముందు వ్యాపారులు ఎవరికి తోచినట్టు వాళ్లు లాభపడుతూ, ఎవరికి వీలైనట్టు వాళ్లు దివాలా తీస్తూ, అంతా అరాచకంగా ఉండేది. (దివాలా తియ్యడానికి ముందస్తు అనుమతి కూడా అక్కర్లేని రోజులవి. చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు.)

అలాంటి శాఖ చూపు జిప్పుల మేస్త్రీ మీద పడడానికి చాలా కాలం పట్టింది. అందుకు శాఖను తప్పుపట్టలేం. ఆయన దుకాణం ఒక మేడ మెట్ల కింద, గబుక్కున లేస్తే తల బొప్పి కట్టే చోట ఉంది. ఒక స్టూలు, ఒక పట్టకారు, రన్నర్లు పోసిన డబ్బా, జిప్పు పళ్లకు రుద్దే కొవ్వొత్తి ముక్క, అంతే సరంజామా. బ్యాగు గానీ జాకెట్టు గానీ, ఆ పేటలో జిప్పున్నది ఏదైనా ఎప్పటికో అప్పటికి ఆయన ఒళ్లోకి చేరవలసిందే. బాగుచేశాక జిప్పును చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి లాగేవాడు. ఆ చప్పుడు నచ్చితే తలాడించి ఇచ్చేవాడు, నచ్చకపోతే మళ్లీ విప్పేవాడు. ఆ మెట్ల కిందే ఆయన జుట్టు నెరిసింది. ఇంకో పని రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు.

లైసెన్సు గడువు ముంచుకొచ్చే వేళకు సహాయ శక్తుల అధికారి దయచేశాడు. ఆయన చంకలో తోలు సంచి ఉంది. దాని జిప్పు ఎప్పుడో పాడైనట్టుంది, సంచి నడుముకే తాడు బిగించి కట్టాడు.

"ఇలా ఇవ్వండి సార్, చిటికెలో చేసిస్తాను," అన్నాడు మేస్త్రీ అలవాటు కొద్దీ.

"ముందు మీ శక్తుల సంగతి తేలనివ్వండి," అంటూ అధికారి తాడు ముడి విప్పుకుని కాగితం బయటికి తీశాడు. "వానలు?"

"పడితే ఒక్కడూ రాడండీ."

"మంచిది. ఫ్యాషన్లు?"

"ఈమధ్య అందరూ గుండీల మీద పడ్డారండీ."

"చాలా మంచిది. పుకార్లు?"

"నేను పోయానని ఓసారి అనుకున్నారండీ. నేను ఇక్కడే కూర్చునున్నా ఎవరూ రాలేదు."

అధికారి మొహం విప్పారింది. "భేష్! పోటీదారు?"

"అదొక్కటీ లేదండీ," అన్నాడు మేస్త్రీ, కాస్త గర్వంగానే.

అధికారి కలం ఆగిపోయింది. ఆయన స్టూలునీ, పట్టకారునీ, కొవ్వొత్తి ముక్కనీ కొత్త కళ్లతో చూశాడు.

"అంటే మీరు గుత్తాధిపతి."

మేస్త్రీ గబుక్కున లేచాడు, మెట్టు తలకు ఠంగున తగిలింది. (గుత్తాధిపతి ఒకడు నెత్తి రుద్దుకోవడం శాఖ రికార్డులకెక్కడం అదే మొదలు.) అధికారి సంచిని వెనక్కి దాచుకున్నాడు. గుత్తాధిపతుల చేత పని చేయించుకోవడం ఆయన ఉద్యోగానికి నిషిద్ధమట. ఇందాక చెయ్యి జారి ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుని, కాసేపు గాలి పీల్చుకుని, అప్పుడు షరతు చెప్పాడు. నెల తిరిగేలోగా మేస్త్రీ ఒక పోటీదారును చూపించాలి. పోటీదారు అదే వీధిలో, కంటికి కనబడేంత దూరంలో ఉండాలి. కనబడని పోటీని శాఖ అనారోగ్యంగా పరిగణిస్తుంది. పోటీదారును చూపించలేకపోతే లైసెన్సు మీద ఆశ వదులుకోవచ్చు.

ఇంటికి చేరిన మేస్త్రీకి అన్నం సహించలేదు. సంగతంతా విని భార్య తేలిగ్గా తీసిపారేసింది.

"దీనికింత దిగాలు పడాలా? మా తమ్ముడున్నాడుగా! ఖాళీగానే ఉన్నాడు."

బావమరిది ఖాళీగా ఉండడం ఆ ఇంట్లో కొత్త వార్త కాదు. మనిషి మంచివాడే, మాటకారి. పట్టిన ప్రతి పనీ బాగా మొదలుపెట్టేవాడు. కబురు అందగానే పరుగున వచ్చి మేస్త్రీ చేతులు పట్టుకున్నాడు.

"బావా, నువ్వు ఊఁ అను చాలు. నీకోసం నీ పొట్ట కొట్టడానికైనా నేను సిద్ధం!"

మేస్త్రీకి కళ్లు చెమర్చాయి. అంత అభిమానం ఈ రోజుల్లో ఎవరు చూపిస్తారు?

అలా వీధికి అటువైపు ఇంకో మెట్ల కింద ఇంకో దుకాణం వెలిసింది. బావమరిదికి జిప్పు పెట్టుకోవడం తప్ప జిప్పు గురించి ఏమీ తెలియదు. మేస్త్రీ ఓపిగ్గా నేర్పబోయాడు. మొదటి పాఠంలోనే బావమరిది రన్నర్‌ను తిరగేసి ఎక్కించి, లోపలున్నవాళ్లు మాత్రమే తెరవగలిగే బ్యాగు ఒకటి తయారుచేశాడు. దాంతో మేస్త్రీ పాఠాలు కట్టిపెట్టాడు. బావమరిది దగ్గరికొచ్చిన బ్యాగులన్నీ మధ్యాహ్నం మేస్త్రీ భార్య ఇద్దరికీ తెచ్చే భోజనం క్యారియర్ల సంచిలో వీధి దాటి ఆయనకు చేరేవి. ఆయనే బాగుచేసి, చెవి దగ్గర పెట్టుకుని విని, అదే సంచిలో వెనక్కి పంపేవాడు. పోటీదారు పని నాసిగా ఉంటే శాఖ ఒప్పుకోదేమోనన్న భయంతో వాటికి కొవ్వొత్తి ఇంకొంచెం ఎక్కువే రుద్దేవాడు.

తనిఖీకి వచ్చిన అధికారి మొదట సంతోషించాడు. తరవాత రెండు క్యారియర్ల మూతలూ తీయించాడు. రెండింట్లోనూ ఒకే కూర, అదే మాడు వాసన.

"ఇది కుమ్మక్కు!" అన్నాడు.

ఇకమీదట పోటీదారుల మధ్య కూర సారూప్యత ఉండరాదని అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చాడు. వారానికొకసారి నలుగురూ చూసేలా కనీస వైరం ప్రదర్శించాలని కింద చేర్చాడు. మేస్త్రీ ఆ కాగితాన్ని ఇంట్లో చదివి వినిపించాడు.

"చెరో కూర కావాలంటే ఆ సారునే వచ్చి తరగమనండి," అని భార్య మొహం గంటు పెట్టుకుంది. అయినా చెరో కూర వండింది. తమ్ముడి కూరలో ఉప్పు సరిపోయేది. (మేస్త్రీ దీన్ని బాహ్యశక్తి కింద నమోదు చేయించాలనుకుని, ఇంటికెళ్లాలని గుర్తొచ్చి మానుకున్నాడు.)

వైరం దగ్గర ఇంకో తంటా వచ్చింది. మేస్త్రీ వీధి మధ్యకొచ్చి, పిడికిలి బిగించి, నీళ్లు నమిలి, "నువ్వు... నువ్వు అసలు వేళకి తింటున్నావా?" అని గద్దించాడు. బావమరిది మాత్రం చెయ్యి పైకెత్తి, "నీ జిప్పులన్నీ నడిమధ్యలో ఇరుక్కుపోను!" అని వీధి దద్దరిల్లేలా శపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మర్నాటి నుంచి అటువైపు గిరాకీ పెరిగింది.

అక్కడ కూర్చోడానికి కుర్చీ ఉంది, తిరిగే ఫ్యాను ఉంది, కబుర్లు చెప్పే మనిషి ఉన్నాడు. ఇటు మేస్త్రీ దగ్గర చప్పుడు వినే మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. మొదటి నుంచీ ఆయన దగ్గరికే వచ్చే టీచరమ్మ కూడా ఒకరోజు బ్యాగుతో ఆయన ముందునుంచే వీధి దాటింది. రెండు రోజుల తరవాత దాన్ని తీసుకుని తిరిగి వెళ్తూ మొహమాటంగా ఆగింది.

"ఏమీ అనుకోకండి మేస్త్రీగారూ. మీరు బాగానే చేస్తారు. కానీ ఆ అబ్బాయి చేతిలో ఏదో ఉంది. చూడండి, వెన్నలా జారుతోంది!"

ఆమె చూపించిన జిప్పు ఆయన అంతకు ముందురోజే బాగుచేసినది. మేస్త్రీకి ఒక్కసారిగా ఏడుపూ వచ్చింది, పొగడ్తకు ఒళ్లూ పులకరించింది. రెండూ కలిసి రావడంతో ఏం చెయ్యాలో తెలియక, "అవునమ్మా, బాగుంది," అన్నాడు.

లైసెన్సు ఖరారు చేసే రోజు వచ్చింది. అధికారి వీధి వీధంతా విచారించాడు. ఎదుటి దుకాణం పనే మేలని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. పోటీ ఆరోగ్యకరంగా జరిగిందనీ, అందులో మేస్త్రీ గౌరవప్రదంగా ఓడిపోయాడనీ, ఓడినవాడికి లైసెన్సు ఇవ్వడం గెలిచినవాణ్ణి అవమానించడమనీ శాఖ తేల్చింది.

బావమరిది గుండె బాదుకున్నాడు. "నిజం చెప్పేద్దాం బావా! పని నీదేనని చెప్పేద్దాం!"

"చెబితే కుమ్మక్కని రెండూ మూయిస్తారు. ఒక్కటైనా ఉండనీరా," అంది అక్క. మేస్త్రీ దుకాణం కట్టేశాడు. పట్టకారునీ, కొవ్వొత్తి ముక్కనీ గుడ్డలో చుట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. మధ్యాహ్నం క్యారియరు సంచి ఇప్పుడు బావమరిది దుకాణం నుంచి పాడైన జిప్పులతో ఇంటికే వచ్చేది.

ఇంతలో బావమరిదికి నోటీసు అందింది. వీధిలో పోటీదారు లేనందున తమరు గుత్తాధిపతి, నెల తిరిగేలోగా ఒక పోటీదారును చూపించాలి అని దాని సారాంశం. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఉతికిన చొక్కా వేసుకుని, కొత్త పోటీదారుగా దరఖాస్తు పెట్టుకోవడానికి శాఖకు బయల్దేరాడు. మళ్లీ తన మెట్ల కింద తాను కూర్చోవచ్చు. అంతకంటే ఆయనకేమీ అక్కర్లేదు.

సహాయ శక్తుల అధికారి పరీక్ష పెట్టాడు. చెడిపోయిన జిప్పు ఒకటి చేతికిచ్చాడు. మేస్త్రీ రన్నర్ నొక్కి, పళ్లు సరిచేసి, కొవ్వొత్తి రుద్ది, చెవి దగ్గర పెట్టుకుని లాగాడు. ఆ చప్పుడుకి ఆయన మొహం వెలిగిపోయింది. అధికారి దాన్ని బావమరిది దుకాణం నుంచి తెప్పించిన నమూనా పక్కన పెట్టి, భూతద్దంలో చాలాసేపు చూసి, నిట్టూర్చాడు.

"ఇది అచ్చం ఎదుటి దుకాణం పనే. ఆ నొక్కు అదే, ఆ జారుడూ అదే. పెద్దవారు, మీకిది తగునా? అనుకరణ పోటీ కాదండీ. సొంత పద్ధతి ఒకటి అలవరచుకుని రండి, చూద్దాం."

మేస్త్రీ నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. బావమరిది కుర్చీ, ఫ్యాను, భార్య అన్న మాట గుర్తొచ్చి మింగేశాడు.

"మరి మా బావమరిది లైసెన్సు...?"

"మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నంత కాలం ఆయనకి పోటీ ఉన్నట్టే లెక్క. దిగులు లేదు."

మేస్త్రీ లేచి నమస్కారం పెట్టాడు. గుమ్మం దాటబోతుండగా అధికారి వెనక్కి పిలిచి, తాడు కట్టిన తోలు సంచిని చేతికిచ్చాడు.

"ఎలాగూ అటే వెళ్తారుగా, ఇది ఆయనకివ్వండి. పోటీ వల్ల చూశారా, మాబోటివాళ్లకి మంచి పనివాణ్ణి ఎంచుకునే వీలొచ్చింది!"

మేస్త్రీ తాడు ముడి విప్పి, బొటనవేలితో రన్నర్‌ను ఒకసారి తడిమి చూశాడు.

"రేపటికి అయిపోతుందండీ."

"ఆ మాట మీరెలా చెప్తారు?" అన్నాడు అధికారి. "ఆయన్ని అడిగి చెప్పండి."