ముప్పై ఒక్క కుక్కలు

ఆ రోజు ఉదయం సైన్స్ టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి బడికి చేరాలి, తొమ్మిదో తరగతి పిల్లలు నింపిన రిజిస్టరుకి అట్ట వేయాలి, పదకొండింటికి తనిఖీకి వచ్చే అధికారిణి చేతిలో పెట్టాలి. అంతే.

బడి వెనక ఖాళీ స్థలంలో ఏమేం జీవులున్నాయో పిల్లలు చూసి రాసుకోవడానికి వారానికో పీరియడ్ కావాలని ఆవిడ రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి సంపాదించుకుంది. ఇప్పుడు లెక్కల మాస్టారి కన్ను దాని మీద పడింది. "రిజిస్టర్లో కనీసం ఇరవై రకాలు కనబడితే పీరియడ్ మీది. లేదంటే లెక్కలకి" అని హెడ్మాస్టర్ తేల్చేశాడు. ఉద్యోగంలో చేరాక ఆవిడ మనసు పడి అడిగింది ఆ ఒక్క పీరియడే.

స్టాఫ్ రూంలో రిజిస్టర్ తెరిచింది. మొదటి పేజీలో కుక్క. రెండో పేజీలో కుక్క. నలభై మందిలో ముప్పై ఒక్కమంది కుక్క అనే రాశారు. అదీ గేటు దగ్గర పడుకునే ఆ గోధుమరంగు కుక్కే. ఎనిమిది మంది దోమ అన్నారు. మిగిలిన ఒక్కడు 'హెడ్మాస్టర్ గారు' అని రాసి, అందరికీ చక్కగా కనబడేలా సన్నటి గీతతో కొట్టేశాడు.

ఆవిడ రిజిస్టర్ పట్టుకుని తరగతికి వెళ్ళింది.

"ఎనిమిది నెలలు తిరిగారు కదర్రా. ఇంకేమీ కనబడలేదా?"

చివరి బెంచీ అమ్మాయి ఆవులించింది. ఏ పాఠానికైనా ఆవులిస్తుంది కనుక టీచర్ ఆ పిల్లకి మనసులోనే 'ఆవులింత' అని పేరు పెట్టుకుంది.

"ఇప్పుడు రాయొచ్చా మేడం?" అంది ఆవులింత.

"ఏం రాస్తావు, ఇంకో కుక్కా? కూర్చో."

వరండాలోకి వచ్చి భర్తకి ఫోన్ చేసింది. "ఇంట్లో ప్రాణమున్నవన్నీ కార్లో వేసుకుని పదిన్నరకల్లా వచ్చేయండి. ఎందుకని అడక్కండి." ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఎందుకని అడగడం ఎప్పుడో మానేశాడు. బాల్కనీలో కుండీలున్నాయి. వాటిని వెనక స్థలంలో పెట్టి ఇక్కడే మొలిచాయంటే సరిపోతుంది. పాపమే, కానీ పీరియడ్ కోసం.

వాచ్‌మన్ ఎదురయ్యాడు. "వెనక గోడ పక్కన కాస్త చోటు చెయ్యి. కుండీలు పెట్టాలి" అంది.

"మీకెందుకు మేడం, నే చూసుకుంటాగా" అన్నాడతను. బడివాళ్లు గడ్డి కోసే మిషన్ కొనిచ్చి నాలుగు నెలలైంది. దాన్ని నడపమని అడిగిన పుణ్యాత్ములు ఇంతవరకు లేరు. టీచర్ ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే వెనక నుంచి గంటన్నర పాటు మిషన్ మోత వినిపించింది. పోనీలే, మాట వినే మనిషి ఒక్కడైనా ఉన్నాడనుకుంది.

పదిన్నరకి కారు వచ్చింది. అందులోంచి పదకొండు కుండీలు, ఒక చేపల తొట్టి, చివరగా అత్తగారు దిగారు.

"అత్తయ్యని ఎందుకు తెచ్చారు?" అంది టీచర్ గొంతు తగ్గించి.

"ప్రాణమున్నవన్నీ అన్నావుగా" అన్నాడు భర్త.

"ఇన్నాళ్లకి నన్నూ లెక్కలోకి తీసుకున్నావు, సంతోషమమ్మా" అన్నారు అత్తగారు.

కుండీలు మోసుకుంటూ వెనక్కి వెళ్లిన టీచర్ అక్కడే నిలబడిపోయింది. మోకాలెత్తు గడ్డి లేదు. ముళ్లపొదలు లేవు. స్థలం మొత్తం గుండు కొట్టినట్టు నున్నగా ఉంది. వాచ్‌మన్ చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"ఎలా ఉంది మేడం? ఆ మూల నీళ్లగుంట కూడా పూడ్చేశా. ఇక దోమన్నది ఉండదు."

రిజిస్టర్లో ఉన్న రెండు రకాల్లో ఒకటి అప్పుడే పోయింది. ఏడవడానికి కూడా టైం లేదు. కుండీలు దింపి వరసగా పెడుతుండగానే అధికారిణి, ఆవిడ వెనక హెడ్మాస్టర్, వాళ్ల వెనక తొమ్మిదో తరగతి మొత్తం వచ్చేశారు.

అధికారిణి మొదటి కుండీ దగ్గర వంగింది. "ఇది ఇక్కడే మొలిచిందా?"

"అవునండి."

"చెంచాతో సహానా?"

"అయ్యో, అది నేను మందు కలుపుకునే చెంచా" అన్నారు అత్తగారు. "మూడు రోజుల్నించి వెతుకుతున్నా."

అధికారిణి రెండో కుండీలోని తీగని పట్టుకుని చూసింది. ప్లాస్టిక్‌ది. చెయ్యి చాచి రిజిస్టర్ అడిగింది. పేజీ తర్వాత పేజీ తిప్పింది.

"ఇక్కడ ముప్పై ఒక్క కుక్కలున్నాయా?"

"లేవండి. ఒక్కటే."

"అయితే పిల్లలకి లెక్కలే అవసరంలా ఉంది."

టీచర్ కళ్ల ముందే పీరియడ్ వెళ్లిపోతోంది. అప్పుడు వరసలోంచి ఆవులింత బయటికొచ్చింది. ఆవులించడం లేదు, నున్నటి నేలని చూసి ఏడుస్తోంది. సంచీలోంచి ఒక లావుపాటి నోటుబుక్ తీసి అధికారిణికి ఇచ్చింది.

"ఇవాళ పొద్దుటిదాకా ఇక్కడ అరవై మూడు రకాలు ఉండేవండీ."

అధికారిణి తెరిచింది. గుడ్ల సంచి మోస్తున్న సాలీడు. ఏడు రకాల చీమలు, వాటి దారులు. గుంటలో కప్పపిల్లలకి కాళ్లొచ్చిన తేదీలు. ముళ్లపొదలో గూడు, పక్కన 'ఉదయం 5.40, తల్లి పక్షి వచ్చింది' అని. పేజీకో దస్తూరీ. నలభై మందివీ ఉన్నాయి.

"వంతులేసుకుని తెల్లారకముందే వచ్చేవాళ్లం" అంది ఆవులింత. "నాది రోజూ."

ఆ ఆవులింతలు ఎక్కడివో టీచర్‌కి ఎనిమిది నెలల తర్వాత అర్థమైంది. "మరి రిజిస్టర్లో ఎందుకు రాయలేదే?" అంది.

ఆ పిల్ల రిజిస్టర్ అట్ట వెనక్కి తిప్పి చూపించింది. ఎర్ర సిరాతో టీచర్ దస్తూరీయే: 'పాఠ్యపుస్తకంలో ఉన్న పేర్లు మాత్రమే రాయవలెను. లేనివి రాసిన మార్కులు తగ్గించబడును.'

"మొదటి నెల చిత్తుకాగితం మీద ఏడు రకాల చీమలు రాసి చూపిస్తే ఆరు కొట్టేశారు మేడం, చీమంటే ఒకటేనని. చాలావాటికి మాకు పేర్లే తెలీవు. కుక్కని మాత్రం ఎప్పుడూ కొట్టేయలేదు."

కోసిన గడ్డి వాసన టీచర్ ముక్కులోంచి చాలా రోజులు పోలేదు.

అధికారిణి అరగంట సేపు నిలబడే నోటుబుక్ మొత్తం చదివింది. వారానికి ఒకటి కాదు, రెండు పీరియడ్లు ఇమ్మని అక్కడికక్కడే సంతకం పెట్టింది. హెడ్మాస్టర్ చప్పట్లు కొట్టి, స్థలం ఇంత శుభ్రంగా ఉంచినందుకు వాచ్‌మన్‌ని కూడా మెచ్చుకున్నాడు.

మరుసటి వారం టీచర్ ఎర్ర సిరా వాక్యాన్ని కొట్టేసి, పిల్లల్ని తీసుకుని వెనక స్థలానికి వెళ్లింది. నలభై ఒక్క మంది రెండు పీరియడ్ల పాటు మోకాళ్ల మీద కూర్చుని, రాళ్లు తిప్పి, గోడ పగుళ్లలో తొంగిచూశారు. గంట కొట్టబోతుండగా ఆవులింత కొత్త నోటుబుక్ తెచ్చి ముందు పెట్టింది.

"మీరే రాయండి మేడం."

టీచర్ చుట్టూ మరోసారి చూసి, పెన్ను తీసి, మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసింది: "కుక్క, ఒకటి."