భీమశంకరం అడ్డుకట్టల లెక్క

శనివారం పొద్దున భీమశంకరం చేయాల్సినవి: కూతురు అదితి స్కేట్లకి సాన పట్టించాలి. హెల్మెట్‌ని ఎండలో పెట్టి చెమట వాసన వదిలించాలి. కార్‌లో గ్యాస్ కొట్టించాలి. పిల్ల వేరే ఊళ్ళకెళ్ళి ఆడే ట్రావెల్ టీమ్‌కి సెలెక్ట్ అయ్యేలా చూడాలి.

మొదటి మూడూ తేలిగ్గానే అయ్యాయి.

నాలుగోదానికి ఆయన దగ్గర ఎక్సెల్ షీటుంది. పదకొండేళ్ళ అదితి టెక్సాస్‌లోని ప్లేనోలో ఐస్ హాకీ ఆడుతుంది, డిఫెన్స్‌లో. అవతలివాళ్ళు గోల్ మీదికి కొట్టే నల్ల రబ్బరు బిళ్లకి, అంటే పక్‌కి, ఎన్నిసార్లు అడ్డుపడితే అంత గొప్ప డిఫెన్స్ అని ఆయన సిద్ధాంతం. గత మూడు ఆటల్లో అదితి అడ్డుకున్నవి రెండు. అదే టీమ్‌లో ఆడే ఎదురింటి సాన్వి, పందొమ్మిది!

"చూశావా ప్రసూనా, మన పిల్ల సున్నాకి రెండిళ్ళ అవతలే ఉంది."

"పక్ మనవాళ్ళ దగ్గరే ఉంటే అది దేనికి అడ్డుపడుతుందండీ?" అంది జ్ఞానప్రసూన, పప్పు డబ్బా మూత తిప్పుతూ.

"నీకు డేటా తెలీదు."

"నిజమే. మీరు షీటు చూస్తారు, నేను ఆట చూస్తాను."

కార్‌లో కూతురికి గీతోపదేశం జరిగింది. "తల్లీ, ఇవాళ పక్ దొరికితే వాళ్ళకే ఇచ్చేయ్. వాళ్ళు కొడతారు, నువ్వు అడ్డుపడు. నంబర్ పెరుగుతుంది."

"బట్ నాన్నా, దట్స్ వియర్డ్. అది మన పక్ కదా?"

"ఇచ్చి పుచ్చుకోవడం మన సంప్రదాయం."

పిల్ల తండ్రి మాట జవదాటలేదు. మూడు పీరియడ్ల ఆటలో మొదటిదాంట్లోనే ఎనిమిది అడ్డుకుంది. ఆయన టిక్కులు కొడుతూ పొంగిపోయాడు. అడ్డుకోలేనివి పద్నాలుగు గోల్ కాసే భవిత మీదికెళ్ళాయి. నాలుగు లోపల పడ్డాయి.

కోచ్ నీల్ ఆయన దగ్గరికొచ్చాడు. "అంకుల్, అదితికి ఫీవరా? తను ఐస్ మీదుంటే పక్ మన సైడ్‌కే రాదు. అందుకే తీసుకుందామనుకున్నా. ఇప్పుడు డౌట్‌గా ఉంది."

భీమశంకరం టిక్కులకి చెయ్యి అడ్డుపెట్టాడు. ఆ అడ్డుని మాత్రం షీటులో వేసుకోలేదు.

జ్ఞానప్రసూన బ్రేక్‌లో కూతురి దగ్గరికెళ్ళింది. "నాన్న షీటు నిండిపోయిందే. ఇంక నీ ఆట నువ్వాడు."

తర్వాత రెండు పీరియడ్లలో అదితి పక్ దొరికితే పరాయివాళ్ళకి చూపించలేదు. అడ్డుకున్నవి సున్నా. పడిన గోల్స్ కూడా సున్నా.

అప్పుడు జ్ఞానప్రసూన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక కాగితం తీసి కోచ్‌కిచ్చింది. గత మూడు ఆటల్లో అదితి ఐస్ మీదున్నంతసేపూ పక్ ఎవరి దగ్గర ఎంతసేపుందో స్టాప్‌వాచ్ పెట్టి రాసింది. మూడొంతులు మనవాళ్ళ దగ్గరే.

నీల్ రెండుసార్లు చదివాడు. "అదితి టీమ్‌లో ఉంది, ఆంటీ. ఇకనుంచి లెక్కలు మీరు రాస్తారా?"

"మరి నేనో?" అన్నాడు భీమశంకరం.

"అంకుల్, పిల్లలు ఐస్ మీదికి వెళ్ళొచ్చే బెంచ్ డోర్ తీసి వేయడానికి ఎవరూ లేరు."

ఇప్పుడాయన ఆ తలుపు బుద్ధిగా తీసి, బుద్ధిగా వేస్తున్నాడు. అదితి సంగతి అలా ఉంచండి. వీలైతే ఆ భవితని ఒక్కసారి తలుచుకోండి. ఒక తండ్రి నంబర్ కోసం ఆ పిల్ల మీదికి పద్నాలుగొచ్చాయి, పది ఆపింది. ఆ పదీ ఎవరూ రాసుకోలేదు.