‘సైన్ – 1’ తరగతి నుంచి వైదొలగుట గురించి

ఒక దేశం ఎంత నాగరికమైందో తెలియాలంటే అక్కడి కాలేజీల్లో చేరడం ఎంత తేలికో చూస్తే చాలదు, చేరినవాళ్ళు బయటపడకుండా ఎంత పకడ్బందీగా ఏర్పాట్లు చేశారో చూడాలి. ఈ లెక్కన కాలిఫోర్నియా నడిమి లోయలో, బాదం తోటల మధ్యనున్న అల్మెండ్రా వ్యాలీ కమ్యూనిటీ కాలేజీ మానవజాతి ఎక్కిన ఎత్తయిన శిఖరాల్లో ఒకటి. అక్కడ చేరడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మానేయడానికి ఎంతకాలం పడుతుందో ఇంకా ఎవరూ తేల్చలేదు (తేల్చడానికి ఒక సంఘం వేశారు, దాని సభ్యులు అందులోంచి తప్పుకొనే ప్రయత్నంలో ఉన్నారు).

ఒఫేలియా బారియెంటోస్ ఆ నాలుగు నిమిషాలూ ఆగస్టు నెలలో ఒక సోమవారం ఖర్చుపెట్టింది. ఆమెకు యాభై నాలుగేళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. అద్దంలోంచి ఒక్క చూపు చూసిందంటే వెనక సీట్లలో అరవైమంది పిల్లలు నోళ్ళు మూసుకుంటారు. అలాంటి మనిషిని అంతకుముందు రోజు, ఆదివారంనాడు, మూడేళ్ళు కూడా నిండని మనవరాలు ఓడించింది.

మనవరాలి పేరు ఇత్సెల్. పుట్టుకతోనే చెవులు వినపడవు. గంట దూరంలోని ఊళ్ళో ఉండే వాళ్ళమ్మ యెసేనియా ఆస్పత్రివాళ్ళు పెట్టిన తరగతికి వెళ్ళి సైగల భాష నేర్చుకుంది. పిల్ల రెండు చేతులతో గలగలా మాట్లాడుతుంది. ఆ ఆదివారం పిల్ల అమ్మమ్మ దగ్గరికి వచ్చి, ఒక అరచేతి మీద రెండో చేతివేళ్ళు ఆనించి అటూ ఇటూ తిప్పుతూ ఏదో అడిగింది. ఒఫేలియా నీళ్ళు తెచ్చింది. కాదంది. పాలు తెచ్చింది. కాదంది. బొమ్మ తెచ్చింది. పిల్ల కాసేపు అమ్మమ్మ ముఖంలోకి చూసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ కూర్చోవడంలో కోపం లేదు. ఇక ఈవిడతో లాభం లేదన్న నిర్ణయం ఉంది.

“కుకీ అడిగిందమ్మా,” అంది యెసేనియా వంటింట్లోంచి వస్తూ.

“కుకీ అని నాకెలా తెలుస్తుందే?”

“తెలీదులే. నీ తప్పేముంది.”

నీ తప్పేముంది అన్న మాట ఒఫేలియాకు రాత్రంతా గుచ్చుకుంది. మర్నాడు పొద్దుటి ట్రిప్పు పిల్లల్ని బడిలో దించి, బస్సులోనే కూర్చుని కాలేజీవారి యాప్ తెరిచి ‘సైన్ – 1’ అని ఉన్నచోట వేలుతో నొక్కింది. నూట ముప్పై ఎనిమిది డాలర్లు కట్టింది. స్వాగతం అంటూ తెర మీద రంగు కాగితాలు రాలాయి.

మొదటి రోజు కొత్త నోటుబుక్కుతో తరగతికి వెళితే పంతులుగారు ఆమెకు ఒక ఏప్రన్, ఒక కుంచె ఇచ్చారు. నల్లబల్ల మీద పెద్ద ‘ఆర్’ అక్షరం రాసి, దాని కాలు ఎంత వయ్యారంగా చాచాలో చెబుతున్నారు. ఒఫేలియా పది నిమిషాలు ఓపిక పట్టింది. సైగల్లోకి ఎప్పుడో వస్తారనుకుంది. పదకొండో నిమిషంలో చెయ్యెత్తింది.

“సార్, చేతులతో మాట్లాడటం ఎప్పుడు మొదలవుతుంది?”

“ఇది దుకాణాలకి బోర్డులు రాయడం మేడమ్,” అన్నారాయన. “ఆ సైన్ వేరు, ఈ సైన్ వేరు. యాప్‌లో రెండిటికీ ఒకటే పేరు. ఇలా పొరపాటున వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారు. కిందటేడు వచ్చినావిడ ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మంగలి షాపులకి బ్రహ్మాండంగా రాస్తోంది.”

ఒఫేలియా ఏప్రన్ విప్పి మడతపెట్టి ఇచ్చేసి, విద్యార్థి సేవల భవనానికి వెళ్ళింది. అక్కడ టోకెన్ తీసుకుని కూర్చోవాలి. నంబరును మైకులో పిలుస్తారు. గోడ మీద నంబర్లు చూపించే తెర కూడా ఉంది. దాని మీద ‘త్వరలో’ అని అట్ట అంటించి ఉంది (అట్ట రంగు వెలిసిన తీరునుబట్టి, త్వరలో అన్నది అక్కడ కాలాన్ని కాక స్వభావాన్ని సూచిస్తుందని తెలుస్తుంది).

కౌంటర్లో మార్ని అనే ఆవిడ ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఒఫేలియా చెప్పిందంతా విని నిట్టూర్చింది.

“సైగల తరగతి ఈసారి రద్దయిందండీ. పాఠం చెప్పేవాళ్ళు దొరకలేదు.”

“సరే, నా డబ్బు వెనక్కిచ్చేయండి. పక్క ఊళ్ళో ఎవరో నేర్పుతారట, వాళ్ళకి కట్టుకుంటాను. అక్టోబరులో మా పిల్ల పుట్టినరోజు.”

“పూర్తి వాపసుకి గడువు నిన్నటితో అయిపోయింది.”

“తరగతి ఇవాళే కదమ్మా మొదలైంది?”

“అందుకే నిన్నటితో అయిపోయింది,” అంది మార్ని, పంతొమ్మిదేళ్ళుగా అంటున్న గొంతుతో. (తరగతి చూడకముందే అది తనకు పనికిరాదని గ్రహించగల విద్యార్థులంటే కాలేజీకి ప్రత్యేకమైన గౌరవం.) “అయినా ఒక దారుంది. అసాధారణ పరిస్థితుల విన్నపం అని ఒక ఫారం ఉంది. టాలివర్ గారిని కలవండి. నేను చెప్పానని మాత్రం చెప్పకండి.”

డ్వైట్ టాలివర్ ఆ కాలేజీలో విద్యార్థి నిష్క్రమణ సౌలభ్య సమన్వయాధికారి. చాలా మంచివాడు. బల్ల మీద గాజు గిన్నెలో పిప్పరమెంట్లు ఉంచుతాడు. ఫారం ఆమె ముందు పెట్టి, కారణాల పట్టికను పెన్సిలుతో చూపించాడు. సైన్యంలోకి పిలుపు, తీవ్ర అనారోగ్యం, మరణం.

“మరణం అంటే ఎవరిదండీ?”

“విద్యార్థిది. అది టిక్కు పెడితే కింద విద్యార్థి సంతకం కావాలి.”

“ఇవేవీ నాకు కాలేదు. మీ యాప్ తప్పు చూపించింది, అంతే.”

“మా తప్పు అనే గడి ఈ ఫారంలో లేదండీ,” అన్నాడు టాలివర్ నిజమైన విచారంతో. “ఇతరములు అని రాయండి. కానీ మీరు తరగతిలో పదకొండు నిమిషాలు కూర్చున్నట్టు నమోదైంది. పది దాటితే హాజరు కింద లెక్క.”

చెయ్యి ఎత్తకుండా మర్యాదగా ఎదురుచూసిన ఆ ఒక్క నిమిషం ఒఫేలియా ఖాతాలో పడింది. విన్నపం ముందుకు కదలాలంటే ఆమె ‘నిష్క్రమణ అవగాహన సదస్సు’కు హాజరు కావాలని టాలివర్ చెప్పాడు. ఆరు వారాలు, వారానికో గంట. సదస్సు కూడా ఒక తరగతే కనుక అందులో పేరు నమోదు చేసుకోవాలి. పేరు నమోదుకు విద్యార్థి కార్డు కావాలి. కార్డు ఇచ్చే గది, మానేయబోతున్నవాళ్ళకు కార్డులివ్వదు.

“అయితే నేనిప్పుడు ఏం చెయ్యాలి?”

“మానేయడం లేదని ఒక డిక్లరేషన్ ఇవ్వండి,” అన్నాడు టాలివర్ పిప్పరమెంటు అందిస్తూ. “మానేయడం సులువవుతుంది.”

ఈ విధంగా ఒక తరగతి వదిలించుకోవడానికి వచ్చిన ఒఫేలియా రెండు తరగతుల విద్యార్థిని అయింది. పొద్దుటి ట్రిప్పుకూ మధ్యాహ్నం ట్రిప్పుకూ మధ్య ఆమెకు నాలుగు గంటల ఖాళీ. ప్రతి మంగళవారం, గురువారం ఆ ఖాళీని కాలేజీ తీసుకుంది. ఒక గంట సదస్సు, మిగిలిందంతా విన్నపం ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి టోకెను.

రెండో మంగళవారం ఆమె పక్క కుర్చీలో డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో నలభై ఏడో నంబరు టోకెను. మైకు నలభై ఏడు అని మూడుసార్లు పిలిచింది. ఆయన కదల్లేదు. నలభై ఎనిమిది అంది. ఆయన ప్రశాంతంగా గోడ మీది అట్టను చూస్తున్నాడు. ఒఫేలియా భుజం తట్టి టోకెను చూపించి, కౌంటరువైపు వేలు పెట్టింది. ఆయన గబగబా లేచి వెళ్ళేసరికి అక్కడ ఇంకొకరు ఉన్నారు. దాటిపోయిన నంబరుకు కొత్త టోకెను తీసుకోవాలన్నది నిబంధన. ఆయన తీసుకుని వచ్చి కూర్చుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసి చూపించాడు.

“థాంక్స్ అమ్మా. నాకు వినపడదు. మూడు వారాలనుంచి వస్తున్నాను. ఇంత దగ్గరిదాకా రావడం ఇదే మొదటిసారి.”

ఆయన పేరు ఎల్డన్ విట్కం. నలభై ఏళ్ళు బేకరీ నడిపి మూసేశాడు. బొమ్మలు వేయడం నేర్చుకుందామని నీటిరంగుల తరగతిలో చేరితే, సైగల్లో చెప్పే మనిషిని పంపిస్తామని చెప్పి కాలేజీ పంపలేదు. అందుకని వాపసు అడగడానికి వచ్చాడు. ఒఫేలియా ఆ పుస్తకంలోనే తన కథ రాసింది. ఎల్డన్ చదివి, భుజాలు కదిలేట్టు చాలాసేపు నవ్వాడు. తర్వాత, “వేళ్ళు చూపించు,” అని రాశాడు.

ఒప్పందం మాటల్లేకుండానే కుదిరింది. ఆవిడ ఆయనకు చెవులు, ఆయన ఆవిడకు చేతులు. ముందు అంకెలు నేర్పాడు, ఎందుకంటే అవి తక్షణావసరం. తర్వాత ‘ఆగు’, ‘మళ్ళీ’, ‘ఇంకా ఎంతసేపు’ నేర్పాడు (ఆ భవనంలో ఈ మూడిటితో నిండు జీవితం గడపవచ్చు). విప్పిన అరచేతి బొటనవేలు గడ్డానికి ఆనించి, ముందుకు రెండంచెలుగా జరిపితే అమ్మమ్మ. ఒక అరచేతి మీద రెండో చేతివేళ్ళు ఆనించి తిప్పితే కుకీ. “పిండిని అచ్చుతో కోసినట్టు,” అని రాశాడు ఎల్డన్. “నలభై ఏళ్ళు చేశాను, దీంట్లో నేను ఘనుణ్ణి.” ఒఫేలియా తన చేతులవైపు చూసుకుంది. ఆగస్టు ఆదివారంనాటి పిల్ల వేళ్ళు గుర్తొచ్చి, అదే సైగ మళ్ళీ మళ్ళీ చేసింది.

ఆ గురువారం మైకు పిలవగానే ఒఫేలియా సైగ చేసింది, ఎల్డన్ సమయానికి కౌంటరు చేరాడు. మూడు వారాలు పట్టిన పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. వాపసు మంజూరైంది. ఆయన ఇక రానక్కరలేదు.

మంగళవారం ఆయన మళ్ళీ వచ్చాడు. చేతిలో దాల్చినచెక్క కుకీల డబ్బా. ఒక టోకెను తీసుకుని, మామూలు కుర్చీలో కూర్చున్నాడు.

“ఈయనకి పని అయిపోయింది కదా, టోకెనెందుకు?” అంది మార్ని కౌంటరు ఇవతలికి వచ్చి.

“టోకెను లేకుండా ఇక్కడ కూర్చోకూడదని మీ బోర్డే చెబుతోంది కదమ్మా,” అంది ఒఫేలియా.

మార్ని బోర్డు చూసింది, కుకీ తీసుకుంది, వెళ్ళిపోయింది. మరుసటి వారంనుంచి ఆవిడ మైకులో పిలుస్తూనే వేళ్ళతో కూడా నంబరు చూపించసాగింది. తొమ్మిదిని మాత్రం చివరిదాకా తప్పే చూపించింది.

అక్టోబరు రెండో ఆదివారం ఇత్సెల్ పుట్టినరోజు. పిల్ల వచ్చీరాగానే అలవాటుగా వాళ్ళమ్మ కాలు పట్టుకుని నిలబడింది, అమ్మమ్మవైపు చూడలేదు. ఒఫేలియా నేల మీద కూర్చుంది. పిల్ల కంట పడేట్టు చెయ్యి ఊపి, అరవైమంది పిల్లలున్న బస్సును మలుపు తిప్పేటంత జాగ్రత్తగా, ఒక అరచేతి మీద రెండో చేతివేళ్ళు తిప్పింది.

పిల్ల ఆ చేతుల్నే చూసింది. తర్వాత ముఖం చూసింది. మళ్ళీ చేతులు చూసింది. అప్పుడు, బడిలో టీచరు తప్పు దిద్దినట్టు, దగ్గరికొచ్చి అమ్మమ్మ వేళ్ళను కాస్త వంచి సరిచేసింది.

“మళ్ళీ,” అంది చేతులతో.

ఒఫేలియా మళ్ళీ చేసింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో కుకీలు మిగల్లేదు. యెసేనియా వంటింటి గుమ్మంలో అటు తిరిగి నిలబడింది.

“ఏమైందే?”

“ఏం లేదమ్మా. ఉల్లిపాయలు.”

“కేకులో ఉల్లిపాయలేంటే,” అంది ఒఫేలియా.

సదస్సు చివరి రోజున అభిప్రాయ పత్రం ఇచ్చారు. మా కాలేజీలో మీరు ఏం నేర్చుకున్నారు అన్న ప్రశ్నకు ఒఫేలియా నిజాయితీగా, సైగల భాష నేర్చుకున్నాను, మీ వాపసు క్యూలో కూర్చుని, ఎల్డన్ విట్కం గారి దగ్గర, అని రాసింది. అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు, బస్సు లాగ్‌బుక్కులో కూడా ఎప్పుడూ రాయలేదు.

పది రోజులకు టాలివర్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆమె ‘సైన్’ నేర్చుకోవడానికి చేరిన మాట, కాలేజీ ప్రాంగణంలోనే ‘సైన్’ నేర్చుకున్న మాట ఆమే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నందువల్ల, సేవ పూర్తిగా అందినట్టు భావించి వాపసు విన్నపాన్ని తిరస్కరిస్తున్నామని, ఆమె విజయానికి కాలేజీ గర్విస్తోందని అందులో ఉంది. ఆ సంవత్సరపు నివేదికలో ఉత్తీర్ణులైనవారి శాతం కొద్దిగా పెరిగింది.

ఒఫేలియా ఉత్తరాన్ని మార్ని ముందు పెట్టింది. మార్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసింది.

“డబ్బు సంగతి నా చేతుల్లో లేదండీ. కానీ ఒక మాట. వసంతకాలానికి సైగల తరగతికి ఇంకా పంతులు దొరకలేదు. ఎల్డన్ గారిని దరఖాస్తు పెట్టమనండి. నేను చెప్పానని—”

“చెప్పనులే,” అంది ఒఫేలియా.

ఎల్డన్ మొదట వద్దన్నాడు. తనలాంటి బేకరీవాడికి కాలేజీ ఉద్యోగమేంటని రాశాడు. ఒఫేలియా పుస్తకం మూసేసి, చేతులతోనే వాదించింది. ఆ వాదనలో సగం తప్పులే, అయినా ఆయన ఓడిపోయాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని ఫొటో తీయించుకున్నాడు. పుట్టినప్పటినుంచీ వినపడదనీ, ఆ భాషే తన మాతృభాష అనీ దరఖాస్తులో శుభ్రమైన అక్షరాలతో రాశాడు. మార్ని దాన్ని స్వయంగా పై అంతస్తుకు పట్టుకెళ్ళింది. అందరూ ఎదురుచూశారు.

డిసెంబరులో జవాబొచ్చింది. ఎల్డన్ విట్కం గారి అర్హతలు అసాధారణమైనవని నియామక సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. అయితే ఇంటర్వ్యూ కోసం మూడుసార్లు ఫోన్ చేసినా అభ్యర్థి ఎత్తనందున, ఆయనకు ఈ ఉద్యోగం మీద ఆసక్తి లేదని విచారంతో నమోదు చేసుకుంది.