మంత్రిగారు మెచ్చిన స్ట్రెచర్ గుడ్డ

ఇకమీదట కొండల్లో ఏ రోగీ దుప్పటి డోలీలో ఊగుతూ దిగడనీ, అచ్చమైన నూలు స్ట్రెచర్ మీద దర్జాగా దిగుతాడనీ మంత్రి వెళ్ళియంగిరిగారు ఈరోడ్‌లో ప్రకటించారు. గుడ్డ కాంట్రాక్టు ఆయన బావమరిదికి దక్కింది. టెండరు ఆ బావమరిది ఒక్కడే వెయ్యడంతో పోటీ మహా ప్రశాంతంగా జరిగింది.

గుడ్డ పరీక్ష పూంగొడి చేతికొచ్చింది. ప్రభుత్వ లేబరేటరీలో పదహారేళ్ళుగా గుడ్డలు చించి జీతం తీసుకుంటున్న మనిషి.

"ఏమ్మా, పాసేనా?" అన్నారు ఆఫీసర్ సెన్నియప్పన్.

"లేదయ్యా. గట్టిగా ఉండే ట్విల్ ఏటవాలు నేత అడిగాం, సాదా నేత ఇచ్చారు. అంగుళానికి యాభై ఆరు పేక పోగులు, అంటే అడ్డపోగులు, ఉండాలి. ఇరవై ఎనిమిదే ఉన్నాయి. మిగతాదంతా గంజి."

"పడుగో?"

"నిలువు పోగులు బాగానే ఉన్నాయి."

"మరింకేం! పడుగు వైపు లాగి రాసెయ్."

"కర్రలు రెండూ పొడుగునా ఉంటాయి కదయ్యా. మనిషి బరువు అడ్డంగా పేక మీదే పడుతుంది. డెబ్భై కిలోలు ఓర్చాల్సిన ముక్క ఇరవై ఆరుకే పర్రుమంది."

ఆఫీసర్‌గారు సమస్యను మానవతా దృక్పథంతో ఆలోచించారు. "కొండవాళ్ళు బక్కపల్చగా ఉంటారమ్మా."

"కడుపుతో ఉన్నవాళ్ళూ దిగుతారయ్యా."

"రికార్డుల్లో వాళ్ళూ ఒక్కరి కిందే లెక్క."

పూంగొడి రిపోర్టు కాగితం ముందుకు లాక్కుంది. పోయిన వానాకాలం ఆమె అక్క కూతురు కడంబూరు కొండ దిగుతూ, డోలీ ముడి ఊడి దారిలోనే కాన్పయింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. పూంగొడి ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది.

"పంపిస్తాలే. మంత్రిగారికి ఇవన్నీ చదివే తీరికెక్కడ! నీ ట్రాన్స్‌ఫర్ కాగితమైతే చదవక్కర్లేదు, సంతకం చాలు," అన్నారాయన వాత్సల్యంగా.

ప్రారంభోత్సవం మే నెల మిట్టమధ్యాహ్నం. మెడలో పసుపుకొమ్ముల దండ మోస్తూ మంత్రిగారు యాభై నిమిషాలు గుడ్డ బలం గురించి ప్రసంగించారు. "ఏనుగునెక్కించినా చిరగదు!" అంటూనే కళ్ళు తేలేసి వేదిక మీద కూలబడ్డారు.

"స్ట్రెచర్! స్ట్రెచర్ తెండి!" అని జనం గోల. నలుగురు కార్యకర్తలు కొత్త స్ట్రెచర్‌తో పరుగెత్తుకొచ్చి ఆయన్ని భుజాలు పట్టి లేవదీశారు.

మంత్రిగారు ఒక కన్ను తెరిచారు.

"ఏంట్రా అది?"

"మన స్ట్రెచరేనయ్యా!"

"ఇరవై ఎనిమిది పోగులదా? నన్ను చంపుతార్రా!"

వాళ్ళ చేతులు విదిలించుకుని లేచి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి, కారు దాకా గబగబా నడిచి వెళ్ళిపోయారు. అంగుళాలూ పోగులూ ఆయనకు అంత కంఠతా వచ్చని జనంలో నిలబడ్డ పూంగొడి అనుకోలేదు. పక్కనున్న సెన్నియప్పన్‌గారి కేసి చూసింది. ఆయన అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ వార్త: 'స్ట్రెచర్ చూడగానే లేచి నడిచిన రోగి'. కింద చిన్నక్షరాల్లో, ఇంత అద్భుత ఫలితం దృష్ట్యా ప్రభుత్వం మరో పదివేల స్ట్రెచర్లకు ఆర్డరిచ్చిందనీ, ఇకపై వీటికి బలం పరీక్ష అక్కర్లేదనీ ఉంది.